పప్పన్నం కలిపేశాక అన్నం ఎంత తిన్నారో తూచేదెలా?

పీజీ ప్రాజెక్టు కోసం హాస్టల్ మెస్‌లో ప్రయోగం చేస్తున్నాను. ప్లేటు పెద్దదైతే అన్నం ఎక్కువ తింటారా అన్నది ప్రశ్న. ఈ విషయం మీద పేరుపడ్డ అమెరికా పరిశోధకుడు బ్రయాన్ వాన్‌సింక్ పేపర్లు కొన్నిటిని, ఫలితాలు నమ్మలేమని 2018లో జర్నల్స్ వెనక్కి తీసుకున్నాయి, అందుకే కొలతల్లో తప్పు రాకూడదని నా పట్టుదల.

24 మంది అమ్మాయిలు. 23, 28 సెంటీమీటర్ల స్టీలు ప్లేట్లు. ఒక్కొక్కరూ వారం తేడాతో రెండింటిలోనూ తింటారు, సగం మందికి ముందు చిన్నది. టైము మధ్యాహ్నం 12:45. మెనూ రెండుసార్లూ అన్నం, టమాటా పప్పు, బీరకాయ కూర, పెరుగు. వంట రుచి మీద సర్వే అని చెప్పాం, అయ్యాక అసలు సంగతి చెప్తాం. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది.

ముగ్గురు నలుగురితో ట్రయల్స్ వేశాను. 1 గ్రాము వరకు చూపే స్కేలు కౌంటర్ మీద పెడితే, అది చూసి మారు వడ్డించుకోవడమే మానేశారు. ఒక్కొక్కరికీ విడి గిన్నెలిచ్చి ముందూ వెనకా తూచాను, కానీ గిన్నెలో ఉన్నదంతా ఖాళీ చేసేశారు. అప్పుడు గిన్నే కొలత అయిపోయింది, ప్లేటుకి పనేముంది? ఫోటోల్లో పప్పు కలిపిన అన్నం ఎంతో తేలడం లేదు. 1980లో కిసిలెఫ్ అనే పరిశోధకుడి బృందం వాడినట్టు ప్లేటు కింద స్కేలు దాచినా మొత్తం బరువే తెలుస్తుంది.

తినేవాళ్లకు అనుమానం రాకుండా, మారు వడ్డనతో సహా, అన్నం, పప్పు ఎంతెంత తిన్నారో విడివిడిగా తేల్చడానికి మీరు వాడిన పద్ధతి ఏమిటి?