గేట్ కలెక్షన్‌లో బాక్సింగ్ గొప్పా, యూఎఫ్‌సీ గొప్పా?

ప్రశ్న: పీపీవీ (టీవీలో డబ్బు కట్టి చూసే షో) లెక్కలు పక్కన పెట్టండి, ఓన్లీ హాల్లో అమ్మిన టికెట్ల డబ్బులు చూస్తే ఎవరు ముందు? యూఎఫ్‌సీ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిపిన ఫైట్లు నడిపే కంపెనీ) బాక్సింగ్‌ని ఎప్పుడో దాటేసిందని మా రూమ్‌మేట్ ఒకటే గోల.

జవాబు 1: దాటడమా, దరిదాపుల్లో కూడా లేదు బ్రో. 2015లో మేవెదర్-పాకియావ్ బాక్సింగ్ ఫైట్‌కి దాదాపు 7.2 కోట్ల డాలర్లు వచ్చాయి, అదీ లాస్ వేగస్ హోటల్ ఎంజీఎం గ్రాండ్‌లో, మామూలోళ్ళకి అమ్మకానికి పెట్టిన టికెట్లు వెయ్యి లోపే, మిగతావన్నీ ప్రమోటర్లకీ హోటల్ వాళ్ళకీ. యూఎఫ్‌సీ 2024లో లాస్ వేగస్‌లోని స్పియర్ హాల్లో పెట్టిన షో అంత హంగామా చేసినా 2.2 కోట్లు దాటలేదు.

జవాబు 2: అది ఒక్క రాత్రి ముచ్చట అన్నా. బాక్సింగ్‌లో పెద్ద పేరు లేకపోతే సీట్లు ఖాళీ, యూఎఫ్‌సీకి ఎవరు ఆడుతున్నా బ్రాండ్ చూసి కొనేస్తారు.

జవాబు 3: మరి లండన్ వెంబ్లీ స్టేడియం సంగతో? 2022లో అక్కడ ఫ్యూరీ-వైట్ బాక్సింగ్ ఫైట్‌కి 94 వేల మంది, యూఎఫ్‌సీకి 2019లో మెల్‌బోర్న్ స్టేడియంలో వచ్చింది 57 వేలే.