అప్‌డేట్: రోజుకు పది నిమిషాల ఒడియా, 70 రోజులకు ఎక్కడికొచ్చింది

మొదట ఇక్కడ నేను అడిగింది ఇది: ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాలు ఒడియాలో. రోజూ గంట కూర్చుని లిపి నేర్చుకుందామంటే వారం తిరక్కుండానే ఆగిపోతోంది, ఏం చేయాలి? "గంట వద్దు, పది నిమిషాలు చాలు, టీకి ముడిపెట్టండి" అని ఇక్కడివాళ్లు అన్నారు. పనిచేసింది.

పద్ధతి చిన్నదే. నోట్‌బుక్కు, పెన్ను టీ పొడి డబ్బా పక్కనే. నీళ్లు మరిగేలోపు మూడు అక్షరాలు, ఒక్కోటి పదిసార్లు. టీ తాగుతూ పేపర్లో ఒకే ఒక హెడ్డింగ్ పైకి చదవడం. ఆదివారం కొత్తవి ఉండవు, పాతవే.

దెబ్బతిన్నది రెండుచోట్ల. మొదట "ఉదయం 6:30కి" అని పెట్టుకుంటే సెలవు రోజున తప్పిపోయేది. గడియారం వదిలేసి టీనే గుర్తుగా పెట్టుకున్నాక కుదిరింది. రెండోది ఉ, భ. ఒడియాలో రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. వేర్వేరు రోజుల్లో నేర్చుకుంటే కలిసిపోతాయి, పక్కపక్కనే రాస్తేనే తేడా పట్టుబడుతుంది. డ కింద చుక్క పెడితే పలుకు మారుతుందన్నదీ అంతే.

మధ్యలో నాలుగు రోజులు పోయాయి, వరసగా కాదు. కంగారు అక్కర్లేదు. లండన్‌లో 96 మందిపై చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు అని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక్కరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట.

"నాకు రాదు" అనే మాటకు మందు ఉత్త ధైర్యం కాదు, లెక్క. చదవగలిగిన ప్రతి బోర్డుకూ క్యాలెండర్‌లో ఒక గీత. గుణుపురం రైలు లైన్ స్టేషన్ బోర్డులు ఇందుకు భలే పనికొస్తాయి, పక్కనే ఇంగ్లీషు, హిందీ ఉంటాయి కదా.

ఒత్తులు మాత్రం ఇంకా తడబాటే. వచ్చే నెల వాటికే.