సూదిబెజ్జం కెమెరా: నిజమైన ఆనందమా, పాతకాలంపై మోజా?

చర్చకు పెట్టిన ప్రశ్న: లెన్స్ బదులు సూదిబెజ్జం, లోపల ఫొటో కాగితం ఉన్న డబ్బాతో చాలాసేపు కాచుకుని మసక బొమ్మ సంపాదించడంలో అర్థముందా? డిజిటల్ కెమెరాకు లెన్స్ తీసేసి, బెజ్జం పెట్టిన మూత బిగిస్తే సరిపోదా?

మొదటి అభిప్రాయం: సరిపోతుంది. వెనక కాగితమున్నా సెన్సర్ (డిజిటల్ కెమెరాలో కాంతిని పట్టే పలక) ఉన్నా కాంతి సరళరేఖలోనే వెళ్తుంది, బొమ్మ తలకిందులుగానే పడుతుంది. చీకటి గదీ రసాయనాలూ శ్రమను పెంచుతాయి తప్ప బొమ్మను మార్చవు.

రెండో అభిప్రాయం: కాంతి గురించి మీరన్నది నిజమే కాని, బొమ్మ మారదన్నది సరికాదు. 100 మిల్లీమీటర్ల లోతున్న డబ్బాకు సుమారు 0.4 మిల్లీమీటర్ల బెజ్జం తగినది. అంటే అపెర్చర్ (కాంతి వచ్చే దారి కొలత) ఎఫ్/250, బెజ్జం లోతులో 250వ వంతు. ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే వేగం) 6 ఉండే ఫొటో కాగితానికి అప్పుడు నిండు ఎండలో దాదాపు 40 సెకన్లు, నీడలో నిమిషాలు పడుతుంది. డిజిటల్‌లో ఐఎస్‌ఓ 1600 పెడితే అదే ఎండలో సెకనులో దాదాపు ఏడో వంతుతో పని అయిపోతుంది. 40 సెకన్ల బొమ్మలో నడిచి వెళ్లే మనిషి చెరిగిపోతాడు; ఆ కాస్త సేపట్లో చెరిగిపోడు.

మసక సంగతీ చూడండి. బెజ్జం మరీ చిన్నదైతే వివర్తనం వల్ల కాంతి విచ్చుకుంటుంది కనుక దాన్ని ఇంకా తగ్గించలేం; అందుకే బొమ్మలోని ప్రతి బిందువూ ఇంచుమించు బెజ్జమంత చుక్కగా మిగులుతుంది. సెన్సర్‌కు దగ్గరగా ఉండే 0.3 మిల్లీమీటర్ల బెజ్జంతో 36 మిల్లీమీటర్ల సెన్సర్ పొడవునా అలాంటి చుక్కలు 120 పడితే, 5 అంగుళాల కాగితం పొడవునా 300కు పైగా పడతాయి. మీరు శ్రమ అంటున్న కాగితం మీదే వివరం ఎక్కువ!

ఒకసారి గోడకు ఆనించిన సైకిలుకు ఎదురుగా డబ్బా పెట్టి, బెజ్జం మీది నల్లటేపు ఎత్తి, మనసులో అంకెలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ముగ్గురు నడిచి వెళ్లారు. నాలుగో మనిషి చెప్పు సరిచేసుకోవడానికి కాసేపు వంగాడు. ఎర్రదీపం కింద కాగితాన్ని డెవలపర్‌లో (బొమ్మను తేల్చే రసాయనంలో) ఊపుతుంటే, కాంతి పడ్డచోటే కాగితం నల్లబడుతుంది కనుక ముందు ఆకాశం నల్లబడింది, తరువాత గోడ తేలింది, చివరికి వంగిన మనిషి పొగలాగా, అతని వెనక సైకిలు చక్రం కూడా కనిపించేంత పలుచగా వచ్చాడు. నడిచి వెళ్లిన ముగ్గురి జాడే లేదు.

మొదటి అభిప్రాయం చెప్పినవారు: కాగితం పరిమాణం సంగతి ఒప్పుకుంటున్నాను. కాని ఎన్‌డీ ఫిల్టర్ (కాంతిని తగ్గించే నల్లద్దం) అడ్డుపెట్టి సెన్సర్‌కూ 40 సెకన్లు ఇవ్వవచ్చు కదా?

రెండో అభిప్రాయం చెప్పినవారు: ఇవ్వవచ్చు, దాన్నీ నేను సూదిబెజ్జం బొమ్మగానే గౌరవిస్తాను. అయితే నా డబ్బాలో ఒక్క కాగితమే పడుతుంది. అందుకే టేపు ఎత్తకముందు నీడ ఎటు జరుగుతోందో, గాలికి ఏ కొమ్మ ఊగుతోందో పావుగంట చూస్తాను; నాకు ఇష్టమైనది ఆ పావుగంటే.