సూపర్‌చార్జర్ బోటులో మూడో సిలిండర్ పోయింది: తప్పు ఈ20 పెట్రోలుదా, నీళ్ళదా?

కోవళం శీను:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నై ఓఎంఆర్‌లో. మా బావా నేనూ కలిసి రెండేళ్ళ కిందట ఒక సెకండ్ హ్యాండ్ జెట్ బోటు కొన్నాం. నాలుగు సిలిండర్లు, గాలిని నొక్కి లోపలికి పంపే సూపర్‌చార్జర్, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, బయటి నీళ్ళతోనే చల్లబడే ఇంజను. కంపెనీ పేరు రాయను, రాస్తే గొడవంతా దాని మీదికి మళ్ళుతుంది.

అక్టోబరులో వానలు మొదలవగానే సగం ట్యాంకు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుతో షెడ్డులో పెట్టేశాం. సంక్రాంతి సెలవుల్లో ముట్టుకాడు బ్యాక్‌వాటర్ దగ్గర నీళ్ళలోకి దింపాం. పది నిమిషాలు బాగానే పోయింది. ఫుల్ త్రాటిల్‌లో 7000 ఆర్‌పీఎం దాటాక ఇంజను గొంతు మారిపోయింది. వెనక నీలం పొగ, బోటంతా వణుకు. వేడి అలారం మోగలేదు. ఇప్పుడు స్టార్ట్ అవుతుంది గానీ మూడు సిలిండర్ల మీద కుంటుతోంది.

కంప్రెషన్ వరసగా 150, 148, 60, 152 పీఎస్ఐ. మెకానిక్ ప్లగ్గులైనా చూడకుండా “ఈ20 చేసిన పని ఇది, ఇంజను మార్చాల్సిందే” అని ఆరు లక్షలు చెప్పాడు. బావేమో లోపలికి నీళ్ళు పోయుంటాయంటాడు. హెడ్ (ఇంజను పైమూత) దించమనాలా, ఆగాలా?

ట్రాక్ పిచ్చోడు:
మెకానిక్ తొందరపడ్డాడేమో గానీ తప్పు చెప్పలేదు. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం ఇథనాల్ కలిస్తే లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అంతే గాలికి ఎక్కువ పెట్రోలు పోయాలి. కార్లో ఆక్సిజన్ సెన్సార్ ఆ తేడా పట్టుకుని సరిచేస్తుంది. చాలా బోటు ఇంజన్లలో ఆ సెన్సారే లేదు, పాత లెక్క ప్రకారమే పోస్తూ పోతాయి. ఇథనాల్ 10 శాతం దాటొద్దని మాన్యువల్‌లో రాసేది ఇందుకే. మామూలు ఇంజను అయితే కాస్త లాగడం తగ్గి ఊరుకుంటుంది. బూస్ట్ (సూపర్‌చార్జర్ నొక్కిన గాలి) మీద లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోలు పడకపోతే, పిస్టనే కరుగుతుంది. ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో టర్బో కార్ల పిస్టన్లు ఇలా పోవడం నా కళ్ళతో చూశా.

కాసిమేడు సుబ్బన్న:
పెట్రోలు నాలుగు సిలిండర్లకీ ఒకటే గదా. మరి మూడోదే ఎందుకు పోయింది?

శీనూ, హెడ్ మాత్రం ఇప్పుడే దించమాకు. దించితే సగం సాక్ష్యం చెత్తబుట్టలోకి పోద్ది. ముందు నాలుగు ప్లగ్గులూ తీసి వరసగా పెట్టి ఫోటో పెట్టు. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో కలపమాకు. మూడో దాంట్లో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్ళీ కంప్రెషన్ చూడు. పెరిగితే రింగులు. పెరక్కపోతే వాల్వు గానీ, పిస్టన్‌కి బెజ్జం గానీ. ఆ తర్వాత కంప్రెసర్‌తో గాలి ఎక్కించి లీక్ టెస్టు. గాలి డిప్‌స్టిక్ గొట్టంలోంచి బుసకొడితే పిస్టనో రింగులో, త్రాటిల్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపు వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. చెవే పెద్ద మీటరు.

ఇంజన్ రూమ్ మాస్టారు:
వైజాగ్‌లో నేవీ ఓడల మీద ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను. నీళ్ళ మాట తేలిగ్గా కొట్టిపారేయకండి. ఇంటర్‌కూలర్ లోపల చిల్లు పడితే నీళ్ళు నేరుగా గాలి దారిలోకి వస్తాయి. సిలిండర్లో నీళ్ళు నిలిస్తే పిస్టన్ పైకొచ్చేటప్పుడు వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ కురచవుతుంది, పిస్టన్ పైదాకా రాదు, కంప్రెషన్ పడిపోతుంది. దీనికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి చెక్క పుల్ల దించి, ఇంజను చేత్తో తిప్పుతూ, పిస్టన్ అన్నిటికంటే పైకొచ్చినచోట గుర్తు పెట్టండి. నాలుగూ పోల్చండి. మూడోది ఒక్క మిల్లీమీటరు తక్కువున్నా మీ బావగారిదే గెలుపు. ఆయిలు పాలలా తెల్లబడిందేమో కూడా చూడండి.

ట్రాక్ పిచ్చోడు:
సుబ్బన్నా, ఏ ఇంజన్‌లోనైనా ఒక సిలిండర్ మిగతావాటికంటే వేడిగా ఉంటుంది. అందరూ ఆకలితో ఉన్నా ముందు పడిపోయేది బలహీనుడే కదా.

కోవళం శీను:
శనివారమంతా దీని మీదే కూర్చున్నాం. ఆయిలు పోస్తే మూడో దాంట్లో 60 కాస్తా 85 అయింది. లీక్ టెస్టులో గాలంతా డిప్‌స్టిక్ గొట్టంలోంచే. పుల్ల కొలత నాలుగింటికీ ఒకటే. ఆయిలు నల్లగా ఉంది, తెల్లబడలేదు. ప్లగ్గుల్లో మూడోదాని పింగాణీ మీద వెండి పొడి చల్లినట్టు మెరుపు. నాలుగో దాని మీద కూడా రెండు మూడు చుక్కలున్నాయి. మొదటి రెండూ సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. స్నేహితుడి బోర్‌స్కోప్ కెమెరా పెట్టి చూస్తే మూడో పిస్టన్ అంచు ఎగ్జాస్ట్ వైపు ఎలుక కొరికినట్టుంది.

ఇంజన్ రూమ్ మాస్టారు:
అయితే నా వాదన వెనక్కి తీసుకుంటున్నాను. రాడ్ వంగలేదు. ఆ వెండి పొడి పిస్టన్ అల్యూమినియం, నాకింగ్ (పెట్రోలు వరసగా మండకుండా ఒక్కసారిగా పేలడం) దెబ్బకి రాలింది. నాలుగో దాంట్లోనూ ఉందంటే కారణం మూడో ఇంజెక్టర్ ఒక్కటే కాదు, అన్నిటికీ కలిసొచ్చేదేదో ఉంది.

ట్రాక్ పిచ్చోడు:
నేను మొదటి రోజు నుంచీ అంటున్నది ఇదే. అన్నిటికీ కలిసొచ్చేది పెట్రోలే.

అంబత్తూరు ఇంజనీరు:
ఇంధనం పరీక్షలు నా ఉద్యోగం, అందుకని ఒక్క మాట. నాకింగ్ విషయంలో ఇథనాల్ విలన్ కాదు. దాని ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తికి కొలత) 108 దగ్గర ఉంటుంది. ఈ20 వచ్చాక మన మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కి చేరిందని ప్రభుత్వమే చెప్పింది. శీను బోటు మాన్యువల్ అమెరికాదైతే అందులో 91 అని ఉండొచ్చు. వాళ్ళు కొలిచే పద్ధతి వేరు, ఆ 91 మన లెక్కలో దాదాపు 95. అంటే బంకులో కొన్నరోజు ఆక్టేన్ చాలినంత ఉంది.

నా అనుమానమల్లా ఆ మూడు నెలల మీద. సగం ఖాళీ ట్యాంకు, గాలి రంధ్రం తెరిచి ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల తేమ. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ పడిపోతుంది. ఇంట్లోనే తేల్చొచ్చు. ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు ఒక గాజు సీసాలో పట్టి గంట కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే కథ అక్కడే అయిపోయింది. కనిపించకపోతే గీతలున్న గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఊపండి. అడుగు పొర 30 దగ్గరికొస్తే ఇథనాల్ ఎక్కడికీ పోలేదన్నమాట. ఆరుబయట చెయ్యండి, బీడీ తాగేవాళ్ళని తరిమేయండి.

కోవళం శీను:
సీసాలో ఒకే పొర. నీళ్ళు కలిపి ఊపితే అడుగు పొర 28 దగ్గర ఆగింది. ఫ్యూయల్ పంపు గొట్టం డబ్బాలోకి పెట్టి కూడా చూశాం, ప్రెషరూ ధారా సర్వీసు మాన్యువల్‌లో చెప్పినంత ఉన్నాయి.

కాసిమేడు సుబ్బన్న:
పోయిన వేసవిలో ఏం పెట్రోలు పోశావు?

కోవళం శీను:
ఇదే బంకు, ఇదే ఈ20. ఏప్రిల్, మే నెలల్లో వారం వారం నడిపాం, ఏమీ కాలేదు.

కాసిమేడు సుబ్బన్న:
మరి మారిందేంది? పెట్రోలు మార్లేదు, పంపు బాగుంది, రాడ్ బాగుంది. షెడ్డులో పెట్టేముందు మంచినీళ్ళు పెట్టి కడిగారా? ముట్టుకాడులో ఇసక మేటేసిన చోట లోతు తక్కువ, జెట్ పంపు నీళ్ళతో పాటు ఇసకా లాగుద్ది. ఇంటర్‌కూలర్‌కి పోయే నీళ్ళ గొట్టం ఊడదీసి, బయటకొచ్చే ధార చూడు.

అంబత్తూరు ఇంజనీరు:
సుబ్బన్న గారు సరైన చోట వేలు పెట్టారు. 32 డిగ్రీల గాలిని 0.7 బార్ బూస్ట్‌కి నొక్కితే, మామూలు సూపర్‌చార్జర్ నుంచి అది 100 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. దాన్ని చల్లార్చడానికే ఇంటర్‌కూలర్ ఉంది. అది పనిచెయ్యకపోతే 95 ఆక్టేన్ కూడా నాకింగ్‌ని ఆపలేదు. చాలా బోట్లలో దాని నీళ్ళ దారి వేరుగా ఉంటుంది, ఇంజను వేడి అలారానికి సంగతే తెలీదు.

కోవళం శీను:
దొరికింది! ఇంజను వైపు ధార బాగుంది. ఇంటర్‌కూలర్ వైపు చుక్కలు చుక్కలుగా కారుతోంది. విప్పితే సగం గొట్టాలు ఇసుక, ఉప్పు గట్టిపడి మూసుకుపోయాయి. చిన్న చిన్న గుల్లలు కూడా అతుక్కున్నాయి. అవును, అక్టోబరులో కడగలేదు. ఆ రోజు వాన, బద్ధకించాం.

ట్రాక్ పిచ్చోడు:
సరే, పొడిచింది ఇంటర్‌కూలరే అనుకుందాం. కత్తి అందించింది మాత్రం లీన్ మిక్స్చరే. మిగతా రెండు ప్లగ్గులు ఎందుకు పాలిపోయాయో ఎవరూ చెప్పలేదు. రేపు కొత్త పిస్టన్ వేసి అదే పెట్రోలు, ఈసీయూలో (ఇంజను కంప్యూటర్‌లో) ఎంత పెట్రోలు పోయాలో చెప్పే అదే మ్యాపు పెడితే నా మాట గుర్తొస్తుంది.

అంబత్తూరు ఇంజనీరు:
అది కాదనను. ఈసీయూ మ్యాపు ఈ20కి సరిచేయించడం మంచిదే. వేడి ఎక్కువైనా ప్లగ్గులు పాలిపోతాయి కాబట్టి ఒక్క రంగు చూసి లీన్ అని రాసివ్వలేను.

కాసిమేడు సుబ్బన్న:
ఇప్పుడు దించు హెడ్. మూడో బోరు (సిలిండర్ లోపలి గోడ) గీతలు పడిందో లేదో కొలిపించు, నాలుగో పిస్టన్ రింగు గాడులు కూడా చూపించు, దాని మీదా చుక్కలున్నాయి గదా. రాలిన అల్యూమినియం ఆయిల్లో కలిసుంటది, ఫిల్టరు కోసి చూడు, అడుగు ఆయిలు పాన్ కడిగించు. సూపర్‌చార్జర్ బేరింగు చేత్తో ఊపి చూడు, ఆడితే అదీ మార్పించు. బోరు బాగుంటే ఆరు లక్షలు అక్కర్లేదు.

కోవళం శీను:
థాంక్స్ అన్నా, వచ్చే వారం దించుతున్నాం. ఇక్కడ బావ ఒకటే గోల, “మొదటి రోజే నీళ్ళ వల్లే అన్నానా లేదా” అని. నీళ్ళు పోవడం వల్ల అన్నాడు గానీ, పోకపోవడం వల్ల అనలేదు.