అప్‌డేట్: ఆండ్రోమెడాలో ఆ కొత్త చుక్క

అమలాపురం దగ్గర మా డాబా మీంచి తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫొటోలో కొత్త చుక్క కనబడిందనీ, నోవానా (ఉన్నట్టుండి భగ్గున వెలిగే నక్షత్రం), కెమెరా లోపమా అనీ పోయిన వారం అడిగాను కదా.

మర్నాడు మంచు, పైగా రొయ్యల చెరువుల లైట్లు. లెన్స్ తుడుచుకోవడంతోనే తెల్లారింది. మూడో రాత్రి మళ్ళీ దొరికింది, సరిగ్గా అక్కడే! గ్రహశకలమైతే ఈపాటికి జరిగిపోయేది. నిరుటి ఫొటోల్లో ఆ చోటు ఖాళీ. వేడి హైడ్రోజన్ వెదజల్లే ఎర్రటి కాంతినే రానిచ్చే హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్ పెడితే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది, నోవా లక్షణమే అది. నోవాయే అయితే, 25 లక్షల కాంతి సంవత్సరాల అవతల శ్వేత కుబ్జ నక్షత్రం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) మీద పేరుకున్న హైడ్రోజన్ భగ్గుమందన్నమాట.

రిపోర్ట్ చేద్దామని చూస్తే, నాకన్నా రెండు రోజుల ముందే ఎవరో నమోదు చేసేశారు. "నీకూ కనబడిందిగా, ఇక కిందకి రా, జలుబు చేస్తుంది" అంది అమ్మ. నోవాయేనని తేల్చే స్పెక్ట్రం (దాని కాంతిని రంగులుగా విడదీసి తీసే చిత్రం) ఇంకా ఎవరూ తీయలేదు, అందుకే "బహుశా నోవా" అంటున్నాను.