తెరచాప పడవలో గోపాలపూర్ వస్తున్న పిన్నీ బాబాయ్‌లకి లంగరు ఎక్కడ వేయమని చెప్పాలి?

బరంపురం చెల్లి:
అందరికీ నమస్కారం. మాది బరంపురం. మా పిన్ని, బాబాయ్ వైజాగ్‌లో ఉంటారు. బాబాయ్ ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ముప్పై అడుగుల తెరచాప పడవ ఒకటి కొనుక్కున్నారు, ఇక ఇద్దరూ నెలల తరబడి దాంట్లోనే తిరుగుతున్నారు, వంట, పడక అన్నీ అందులోనే. మొన్నటిదాకా కాకినాడ వైపు ఉన్నారు, ఈసారి ఉత్తరానికి వచ్చి గోపాలపూర్‌లో నాలుగైదు రోజులు ఆగుతామంటున్నారు. అమ్మమ్మ మా ఇంట్లోనే ఉంటుంది, ఇప్పుడు ప్రయాణాలు చేసే ఓపిక లేదు, అందుకే వాళ్ళే వస్తామన్నారు. అమ్మమ్మకేమో ఒకటే టెన్షన్, ఆడపిల్ల రాత్రిపూట సముద్రం మీద ఎలా ఉంటుందే అని. పిన్ని ఫోన్‌లో "మన వైజాగ్ అమ్మాయి స్వాతి 2017లో నేవీ వాళ్ళ తెరచాప పడవ తారిణిలో బయల్దేరి ఇంకో అయిదుగురు ఆడవాళ్ళతో ప్రపంచం చుట్టేసి వచ్చింది, నేను గోపాలపూర్ రాలేనా అమ్మా" అంటుంది.

నేను అడిగేదేంటంటే, వాళ్ళు ఏ నెలలో వస్తే మంచిది? లంగరు ఎక్కడ వేయాలి, పోర్టులోకి రానిస్తారా? ఒడ్డుకి ఎలా దిగాలి, మంచినీళ్ళు, డీజిల్ ఎలా? గోపాలపూర్ బీచికి చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాను కానీ సముద్రం వైపు నుంచి ఆ ఊరి సంగతి నాకేమీ తెలియదు. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

వైజాగ్ తెరచాప:
చెల్లీ, ముందు నెల సంగతి చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వైజాగ్ నుంచి గోపాలపూర్‌కి సముద్రం మీద దాదాపు 130 నాటికల్ మైళ్ళు. వాళ్ళ పడవ గంటకి అయిదు మైళ్ళు నడిచినా ఇరవై ఆరు గంటలు, అంటే ఒక రాత్రి తప్పదు. డిసెంబర్, జనవరిలో ఈశాన్యపు గాలి, వెళ్ళాల్సిందీ ఈశాన్యానికే, గాలికి ఎదురు అటూ ఇటూ తిప్పుకుంటూ వెళ్తే దారి చాలా పెరిగిపోతుంది. ఫిబ్రవరి సగం దాటాక గాలి మెల్లగా దక్షిణానికి తిరుగుతుంది, మన తీరం వెంబడి నీటి ప్రవాహం కూడా అప్పటికి ఉత్తరం వైపు పారుతూ ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో అది ఇంకా బలంగా ఉంటుంది. గాలీ నీరూ రెండూ కలిసొచ్చే రోజులవి. ఏప్రిల్ చివరికి తుఫాను కాలం మొదలు, సాయంత్రం ఉరుముల గాలులూ వస్తాయి, కాబట్టి ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి ఆఖరు లోపు రమ్మనండి. అక్టోబర్ మాట అసలు ఎత్తొద్దు, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ కూడా అక్టోబర్‌లోనే వచ్చింది.

రాత్రి భయపడాల్సింది కెరటాల గురించి కాదు, వలల గురించి. కళింగపట్నం దాటాక, భావనపాడు, బారువ ముందు చాలా వలలు పరిచి ఉంటాయి, కొన్నిటికి చివర చిన్న లైటు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. చుక్కానికి చుట్టుకుంటే చీకట్లో నీళ్ళలోకి దిగి కోయాల్సి వస్తుంది. చీకటి పడే లోపు తీరానికి బాగా దూరం జరిగిపోయి, తెల్లారాక మళ్ళీ దగ్గరకి రమ్మనండి. ఇక ఆశ్రయం కావాలంటే పోర్టు వాళ్ళని రేడియోలో అడిగి లోపలికి వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం.

గోపాలపూర్ కుర్రాడు:
అన్నా, గాలి గురించి మీరు చెప్పింది నిజం, పోర్టు సంగతి మాత్రం ఒప్పుకోను. అది సరుకు ఓడల పోర్టు, చిన్న పడవలు ఆగడానికి అందులో ఏర్పాటేమీ లేదు. ప్రాణం మీదకొస్తే రేడియోలో 16వ చానల్‌లో పిలవాలి, అంతేగానీ అమ్మమ్మని చూడ్డానికి వచ్చి అందులో ఆగుతామంటే కుదరదు.

అక్కా, మాది గోపాలపూర్ ఒడ్డునే, మేం తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళు నోలియాలంటారు. మా ఊరి ముందు సముద్రం బార్లా తెరిచి ఉంటుంది, చాటు ఏమీ లేదు. లైట్‌హౌస్ ఎదురుగా, కెరటం విరిగే చోటికి బాగా బయట, పది మీటర్ల లోతు దగ్గర వేయమనండి. అడుగున ఇసుక, లంగరు బాగానే పడుతుంది, కానీ లోతుకి ఆరేడు రెట్లు గొలుసూ తాడూ వదలాలి. దక్షిణం నుంచి వచ్చే అల వల్ల పడవ పగలూ రాత్రీ ఊగుతూనే ఉంటుంది, దానికి సిద్ధపడి రావాలి. గాలి పెరుగుతున్నట్టు అనిపిస్తే ఆగకుండా లంగరు లేపుకుని లోతులోకి వెళ్ళిపోవాలి, ఒడ్డు వైపు మాత్రం రాకూడదు.

అసలు విషయం ఇంకోటుంది. అలాంటి చోట పడవని ఒంటరిగా వదిలి ఇద్దరూ దిగకూడదు, లంగరు జారితే చూసేవాళ్ళుండరు. అంటే పిన్నిగారొస్తే బాబాయ్‌గారు పడవలో, ఆయనొస్తే ఆవిడ. అమ్మమ్మగారికి కూతురినీ అల్లుడినీ కలిపి చూడాలని ఉంటుంది కదా! అందుకే మా మావయ్య వెళ్ళి కూర్చుంటాడు, అడిగాను, సరేనన్నాడు. పెద్ద బోట్ల మీద పారాదీప్ దాకా వేటకెళ్ళిన మనిషి, లంగరు తాడు మీద చెయ్యి వేసి పట్టు ఉందో లేదో చెప్తాడు. రాత్రి ఉండాల్సొచ్చినా ఉంటాడు. డబ్బులంటే మాత్రం కోపమొస్తుంది.

దిగేది మా ఫైబర్ బోటులో. వాళ్ళ రబ్బరు పడవలో ఈ కెరటం దాటే ప్రయత్నం చేయొద్దని గట్టిగా చెప్పండి, ఒడ్డుకొచ్చేసరికి అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. మేం కెరటాల బయట ఆగి వెనక్కి చూస్తూ ఉంటాం. పెద్దవి వరసగా వచ్చి వెళ్ళిపోయాక కాసేపు నీరు చదునవుతుంది, అప్పుడే ఒక్క ఊపున ఒడ్డుకి. ఇసుక తగిలే ముందు ఇంజన్ పైకెత్తేస్తాం, ఒడ్డున ఉన్నవాళ్ళు తాడు అందుకుని లాగుతారు. పిన్నిగారిని బోటు మధ్యలో కింద కూర్చోమనండి, అంచు మీద వద్దు, చెయ్యి బయట పెట్టొద్దు. ఫోను ప్లాస్టిక్ కవర్లో. మేం దూకమన్నాకే దూకాలి. పొద్దున్నే అయితే గాలి తక్కువ, సుఖంగా దిగొచ్చు. నీళ్ళు ఇరవై లీటర్ల క్యాన్లలో, డీజిల్ బంకు నుంచి డబ్బాల్లో మేమే తెచ్చి ఎక్కిస్తాం.

ఇంకోటి, మా ఊరి దగ్గర గోలాబంధలో ఆర్మీ వాళ్ళ ఫైరింగ్ రేంజ్ ఉంది, సముద్రం మీదకే కాలుస్తారు. ముందుగా తేదీలు చెప్తారు, మా వాళ్ళు ఆ రోజుల్లో అటు పోరు. బయల్దేరే ముందు నాకు చెప్పండి, కనుక్కుని చెప్తాను.

ఛత్రపురం మాస్టారు:
అమ్మా, కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. 2008 ముంబై దాడుల తర్వాత తీరం మీద కొత్త పడవ కనిపిస్తే మన జాలర్లే మెరైన్ పోలీసులకి ఫోన్ చేస్తారు, చేయాలి కూడా. కాబట్టి వాళ్ళు రాకముందే నువ్వు ఆర్జిపల్లి మెరైన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి పడవ పేరు, రిజిస్ట్రేషన్, ఇద్దరి ఆధార్ కాపీలు, వచ్చే తేదీ రాసిచ్చిరా. వీలైతే ఒడియాలో రాయించు. వాళ్ళకి ముందే తెలిస్తే మర్యాదగా చూసుకుంటారు. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, బాబాయ్‌గారికి తెలిసే ఉంటుంది, మీ ఇంట్లోవాళ్ళు కూడా రాసి పెట్టుకోండి.

ఫిబ్రవరి, మార్చి అంటే ఋషికుల్యలో తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. గోపాలపూర్‌కి ఉత్తరాన నది ముఖద్వారం ముందు అవి వేల సంఖ్యలో నీటి మీద తేలుతూ ఉంటాయి. అందుకే అక్కడ నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. వేట కాదు కదా అని అటు పోనివ్వకు, ఇంజన్ పంకా తగిలితే ఆ జీవి బతకదు. చూడాలనుంటే కారులో తీసుకెళ్ళు, ఫారెస్టువాళ్ళు చెప్పిన దూరంలో నిలబడి చూడొచ్చు.

ఆ కుర్రాడు చెప్పినట్టు బయట లంగరు వేసి జాలరి పడవలో దిగడం గోపాలపూర్‌కి కొత్త కాదమ్మా. మా తాతగారు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళింది అలాగే. ఓడ దూరంగా ఆగేది, ఒడ్డు నుంచి మనుషుల్ని కుట్టు పడవల్లో తీసుకెళ్ళేవారు. మేకులు కొట్టిన పడవైతే ఆ కెరటాల దెబ్బకి విడిపోతుందని పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఆ పాత జెట్టీ స్తంభాలు బీచిలో ఇప్పటికీ ఉన్నాయి. అవి ఉన్న వైపు మాత్రం పడవని రానివ్వొద్దు బాబూ, నీళ్ళలో మునిగినవి ఎన్ని ఉన్నాయో పైకి కనపడదు.

బరంపురం చెల్లి:
మాస్టారూ, తమ్ముడూ, అన్నయ్యా, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అన్నీ బాబాయ్‌కి చదివి వినిపించాను. రబ్బరు పడవలోనే దిగుదామనుకున్నారట, ఇప్పుడు మానేశారు. ఫిబ్రవరి ఆఖరు వారంలో గాలి చూసుకుని బయల్దేరతారు, స్టేషన్‌కి నేను ముందు వారమే వెళ్తాను. తమ్ముడూ, మీ మావయ్యగారు డబ్బు తీసుకోరన్నావు, భోజనం మా ఇంటి నుంచి పంపిస్తాను, ఆయన ఏం తింటారో చెప్పు. వైజాగ్ నుంచి పిన్నివాళ్ళు ఏదైనా తేవాలన్నా మొహమాటపడకుండా చెప్పు.

గోపాలపూర్ కుర్రాడు:
అన్నీ తింటాడు అక్కా, శనివారం మాత్రం నీచు ముట్టడు. తేవాలంటే వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే నైలాన్ తాడు ఒక చుట్ట తెమ్మనండి, బొటనవేలంత లావుది. మా లంగరు తాడు ఈ ఏడాది బాగా అరిగిపోయింది.