అప్‌డేట్: బెంచ్ నుంచి సపోర్ట్ ప్రాజెక్టులోకి వెళ్లాను

మా ఐటీ కంపెనీలో జావా ట్రైనింగ్ ఇచ్చి, ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి, ఇప్పుడు ప్రొడక్షన్ సపోర్ట్‌కి (క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పనికి) రమ్మంటున్నారు, వెళ్లనా అని అడిగాను కదా. వెళ్లాను. బిల్లింగ్ (నా పనికి క్లయింట్ డబ్బు కట్టడం) మొదలయ్యాక, ఎవరిని ఏ ప్రాజెక్టులో వేయాలో చూసే రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్ల ఫోన్లు ఆగాయి, అదో పెద్ద ఊరట.

పనంతా టికెట్లే, అంటే సిస్టమ్‌లో నమోదయ్యే సమస్యలే. సమస్య తీరకపోయినా స్టేటస్‌ని "క్లయింట్ జవాబు కోసం" అని మారిస్తే చాలు, ఎస్‌ఎల్‌ఏ (ఇంతలోపు పరిష్కరిస్తామని క్లయింట్‌తో ఒప్పుకున్న గడువు) గడియారం ఆగిపోతుంది. ఈ కిటుకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పరు! మీలో ఒకరు చెప్పినట్టే, పదేపదే వచ్చే టికెట్ల వెనకున్న కోడ్ చదువుతున్నాను. ఒక బగ్‌కి నేను రాసిన ఫిక్స్‌ని డెవలప్‌మెంట్ టీమ్ తీసుకుంది కూడా. పనితీరుకి ఇచ్చే రేటింగ్ మాత్రం మామూలే, బెల్ కర్వ్ అట, అంటే పై రేటింగ్ కొందరికే, ఎక్కువమందికి మధ్యస్థమే.

డెవలప్‌మెంట్‌కి మార్చమంటే, నా బదులు ఇంకొకరు దొరికేదాకా క్లయింట్ వదలడన్నారు. అందుకే బయట ఇంటర్వ్యూలు మొదలుపెట్టాను.